పొగ పరీక్షకు ముందు

బండిని పొగ పరీక్షకు పంపే ముందు ఇంజను విప్పి, మసి గీకి, కొత్త ఆయిలు పోసి పంపడం నా పని. ఏడో తరగతిలో బడి మానేసి మెకానిక్ షెడ్డులో చేరినప్పటి నుంచీ అదే చేస్తున్నాను. తమ్ముణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళే ముందు కూడా అదే చేశాను. మూడు రోజులు షెడ్డు వెనక గదిలో కూర్చోబెట్టి, సిగరెట్టన్నది వాడి కంటపడకుండా కాపలా కాశాను. నా బుద్ధికి తోచిన సాయం అది.

వాడు దర్జీ. మిషను తొక్కే కుడికాలి బొటనవేలు నల్లబడింది. పొగ తాగి తాగి నెత్తురు దారి మూసుకుపోతోందనీ, మానకపోతే వేలితో ఆగదనీ, పాదం తీసెయ్యాల్సి వస్తుందనీ డాక్టరు తేల్చి చెప్పాడు. మానడం వాడికి కొత్త కాదు. వారం దాటించడమే చేతకాదు.

అలాంటి సమయంలో ఆసుపత్రి అమ్మాయి ఒకతె షెడ్డుకు వచ్చింది. పొగ మాన్పించే కొత్త మందు మీద పరిశోధన చేస్తున్నామనీ, మనుషులు కావాలనీ, చేరినవాళ్ళకు మందుతో పాటు వారం వారం మాట్లాడే మనిషి కూడా ఉంటాడనీ చెప్పింది. పేర్లు రాసుకునే ఆఖరి రోజున వాణ్ణి స్కూటరు ఎక్కించుకుని వెళ్ళాను.

వరండా చివర చిన్న గది, బల్ల, గోడకు గడియారం. ఆ అమ్మాయి చేతిలో ఇమిడే మిషను ఒకటి ఇచ్చి ఊదమంది. తమ్ముడు ఊదాడు. అంకె చూసి మళ్ళీ ఊదమంది. మళ్ళీ ఊదాడు.

"మీరు నిజంగా సిగరెట్లు తాగుతారా అండీ?"

"వాడి పెదాలు చూడమ్మా, మాడిన గిన్నె అడుగులా లేవూ?" అన్నాను. తరవాత గొప్పగా చెప్పాను: "మూడు రోజుల నుంచి ఒక్క దమ్ము కూడా లాగనివ్వలేదు."

ఆమె మిషను బల్ల మీద పెట్టేసింది. "ఇప్పుడు తాగుతున్నవాళ్ళనే చేర్చుకోవాలి సార్. ఈయన ఊపిరిలో పొగ కనపడడం లేదు."

"నా మాట నమ్మవా?"

"నేను నమ్ముతాను సార్. మిషన్ నమ్మాలి కదా."

తమ్ముడు నవ్వాడు. "పుట్టి బుద్ధెరిగాక ఒక్క పరీక్ష పాసయ్యాను అన్నయ్యా. సీటు పోయింది."

నాకు నవ్వు రాలేదు. "పోనీ, ఇప్పుడు తాగొస్తే?"

"తాగమని నేను చెప్పకూడదు." ఆమె గడియారం వంక చూసింది, నా వంక చూడలేదు. "గది మూసేదాకా మాత్రం ఇక్కడే ఉంటాను."

గేటు బయట కొట్లో ప్యాకెట్టు కొన్నాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు పెద్దలు. మా ఇద్దరినీ మాత్రం ముందు అడుసు తొక్కి చూపించమన్నారు.

వాడు సిగరెట్టు పట్టుకుని వెలిగించకుండా నిలబడ్డాడు. "ఇది తాగానంటే లోపల పడుకున్నది లేచి కూర్చుంటుంది. ఆ తరవాత నన్ననొద్దు."

"పాదం పోతే ఎవరిననాలి?"

అగ్గిపుల్ల నేనే గీశాను. మొదటి దమ్ముకే వాడి కళ్ళు మూతలు పడ్డాయి. మూడు రోజులుగా వణుకుతున్న భుజాలు నిమ్మళించాయి. నా దగ్గర కాపలాలో ఒక్క పూట కూడా వాడి ముఖం అంత ప్రశాంతంగా లేదు. నాకు భయమేసింది.

"ఇంకోటియ్యి."

"ఒకటి చాలదూ?"

"మిషన్‌కి చాలకపోతే?"

"మిషన్‌కా, నీకా?"

"నాకు తెలిస్తే చెప్పనా అన్నయ్యా?"

లోపల వరండాలో తలుపులు ఒక్కొక్కటే మూస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఇచ్చాను. వాడు నడకలోనే పీల్చి, గేటు దగ్గర పారేసి, కుంటుకుంటూ నాకంటే ముందే లోపలికి వెళ్ళాడు.

ఈసారి మిషను ఒప్పుకుంది. చేరినవాళ్ళలో సగం మందికే అసలు మందనీ, మిగతావాళ్ళకు ఉత్త బిళ్ళలనీ, ఎవరికేది పడుతుందో తనకూ తెలియదనీ ఆ అమ్మాయి చదివి వినిపించింది. మాట్లాడే మనిషి మాత్రం అందరికీ ఉంటాడట. తమ్ముడు సంతకం పెట్టాడు.

"మీరు మానే రోజు వచ్చే సోమవారం. అప్పటిదాకా మామూలుగానే ఉండొచ్చు."

"మామూలుగా అంటే తాగొచ్చా?" అన్నాడు వాడు.

"తాగొచ్చు."

వాడు నా వైపు తిరిగాడు. "విన్నావుగా." ఈసారి నవ్వలేదు.

మూడు రోజుల కాపలా గంగలో కలిసింది. మెట్ల దగ్గర వాడు చెయ్యి చాచాడు. ప్యాకెట్టు నా చొక్కా జేబులో ఉంది. నేను స్కూటరు కిక్కు కొట్టి, "ఎక్కు" అన్నాను. వాడు చాచిన చెయ్యి దించి, నొప్పి కాలు చేత్తో ఎత్తి పెట్టుకుని ఎక్కాడు.

సందు మలుపు తిరిగాక, పట్టుకోవడానికన్నట్టు వెనక నుంచి వాడి చెయ్యి నా ఛాతీ మీదికి వచ్చింది. సరిగ్గా జేబు మీద ఆగింది. నేను వద్దనలేదు, తీసుకోమనలేదు. వాడు ఇంటి ముందు దిగేదాకా ప్యాకెట్టు తీయనూ లేదు, చెయ్యి తీయనూ లేదు.