థార్న్‌బెక్ పాయింటు దగ్గర పల్లం

ఇంజను మళ్ళీ పడింది.

పడిందంటే పెద్ద చప్పుడేమీ కాలేదు. అరచేతిలో ఇమిడే ఇంజను. స్టేషనుకి ఈవల, ఒక లైను రెండుగా చీలే పాయింటు దగ్గర, ముందు చక్రం ఎడమకి పోబోయి కుడికి తిరిగి, చివరికి ఎటూ పోకుండా స్లీపర్ల మీద చతికిలబడింది. వెనకున్న పెట్టెలు దాని వీపు మీదికి ఎక్కాయి. కరెంటు తెగి, బల్ల మీది బుల్లి స్టేషన్లో దీపాలన్నీ ఆరిపోయాయి.

"చూశారుగా" అన్నాడు క్లైవ్, వేగం తిప్పే మీట మీద బొటనవేలు తియ్యకుండానే. "నేనేమీ అనను. మీరే చూశారు."

ఏమీ అననన్న మాట అతను పొద్దుట్నించీ అంటూనే ఉన్నాడు. ఈనక్ థ్వెయిట్ వంగి ఇంజనుని రెండు వేళ్ళతో పైకెత్తి పట్టాల మీద పెట్టాడు. ఇంజనుకి తగలకుండా ఉన్న తక్కిన మూడు వేళ్ళూ వంకరగా ఉన్నాయి. సున్నం లేకుండా రాతి మీద రాయి పేర్చి పొలాలకి గోడలు కట్టిన మనిషి అతను. పోయిన శరత్కాలంలో ఒక బండ జారి ఆ వేళ్ళ మీద పడింది.

ఆ చేత్తోనే చలికాలమంతా వంటింటి బల్ల దగ్గర కూచుని ఈ పాయింటు చేశాడు. పట్టాల కొసల్ని ఆకురాయితో నాలుకల్లా పలచగా అరగదీశాడు. ఒక్కో స్లీపరు మీదా టంకం పెట్టి అతికాడు. "ఎందుకయ్యా శ్రమ, కొట్లో దొరుకుతాయిగా" అని బొమ్మరైళ్ళ క్లబ్బులో అందరూ అన్నారు. జాలితో అన్నారు. అదే అతనికి గుచ్చుకుంది.

కొట్లో దొరికేది ఇప్పుడు క్లైవ్ కోటు జేబులో ఉంది. దాని అట్టపెట్టె మూల బయటికి పొడుచుకొచ్చి కనిపిస్తోంది. ఈనక్ ఎటు తిరిగినా ఆ మూలే కళ్ళకి తగులుతోంది.

"అబ్బాయిలూ!" టీ కెటిల్ పట్టుకుని బ్రెండా వచ్చింది. క్లబ్బు కార్యదర్శి. ఈ లోయలో ఏళ్ళ తరబడి బస్సు నడిపింది. ముసలాళ్ళందరూ ఆమెకి అబ్బాయిలే. "పదింటికి ప్రదర్శనకి తలుపులు తీసేస్తాను. జనం అప్పుడే గేటు దగ్గర మూగుతున్నారు. అప్పటికి రైలు తిరగాలి. తిరక్కపోతే ఆ పాయింటు పీకి క్లైవ్ తెచ్చింది వేసేద్దాం. ఇంక దీని మీద మాటల్లేవు."

"నాదేం లేదమ్మా" అన్నాడు క్లైవ్. "నా ఇంజను మా ఇంట్లో గడియారంలా తిరుగుతుంది."

"మీ ఇంట్లో గుండ్రటి లైనొక్కటే ఉంది" అన్నాడు ఈనక్. "గడియారంలా తిరక్క ఏం చేస్తుంది?"

బ్రెండా నవ్వు ఆపుకుంటూ వెళ్ళిపోయింది. ఈనక్‌కి నవ్వు రాలేదు. పాయింటు పీకితే ఇక క్లబ్బు నడిచే ఈ పాత ప్రార్థనా మందిరం గడప తొక్కకూడదని మనసులో అనుకున్నాడు. పైకి అనలేదు. పైకి అంటే బతిమాలతారు.

ఇత్తడి గేజి తీసి పట్టాల మధ్య వెడల్పు మళ్ళీ కొలిచాడు. సరిగ్గా ఉంది. నాలుక పట్టా పక్కదాన్ని గట్టిగా ఆనుకుంటోందా అని కాగితం ముక్క దూర్చి చూశాడు. దూరలేదు. బల్ల కింద దూరి నాలుకని లాగే మోటారు చూశాడు. బాగుంది. పైకి లేస్తూ తల కొట్టుకున్నాడు.

"నెమ్మది పెద్దాయనా" అన్నాడు క్లైవ్. "బల్ల కదిలిపోతుంది."

ఈనక్ ఇంజను తిరగేసి చక్రాల మధ్య గేజి పెట్టాడు. క్లైవ్ మొహం చిట్లించాడు. చక్రాలూ సరిగ్గానే ఉన్నాయి. వేరొకడైతే సంతోషించేవాడు. తప్పు ఇంజన్లో దొరికి ఉంటే ఎంత బాగుండేదో ఈనక్‌కే తెలుసు.

ఒక పెట్టెని పాయింటు మీదుగా వేలితో తోశాడు. నున్నగా పోయింది. ఇంజన్నీ తోశాడు. అదీ పోయింది.

"చేత్తో తోస్తే పోతోందిగా!"

"చేత్తో తోస్తే కుర్చీ కూడా పోతుంది" అన్నాడు క్లైవ్. "రైలు రైల్లా పోవాలి. ఇక్కడ ప్రతిదీ అసలు థార్న్‌బెక్ లైను ఎలా ఉండేదో అలాగే ఉండాలి, అలాగే నడవాలి. మీటింగులో తీర్మానం పెట్టిందే నేను."

ఆ మాట నిజమే. లైను మూసేశాక పట్టాలు పీకేశారు, స్టేషను స్థలంలో ఇప్పుడు గొర్రెలు మేస్తున్నాయి. ఆ స్టేషన్నే ఈ బల్ల మీద మళ్ళీ కట్టారు. క్లైవ్ పాత ఫోటోలు చూసి ఇంజను మీది రివెట్లు కూడా లెక్కపెట్టి అతికించాడు. లీడ్సు నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కొనుక్కున్నాడు గానీ, ఆ రైలు ఒక్కసారీ ఎక్కిన మనిషి కాదు.

ఎక్కిన మనిషి, దాని మీద పనిచేసిన మనిషి, కిటికీ దగ్గర కూచుని పందిమాంసం రొట్టె తింటున్నాడు. హొరేస్. కుర్రతనంలో ఆ లైను మీద కూలీల ముఠాలో పట్టాల కింద కంకర కుక్కాడు. బల్ల మీద నేలంతా అతని పనే. గడ్డి, కంకర, వాగు, గొర్రెలు. ఈనక్ పాయింటు చేసి ఇస్తే, దాన్ని బల్ల మీద అతికించిందీ అతనే. పొద్దుట్నించీ ఒక్క మాట మాట్లాడలేదు. రొట్టె మాత్రం రెండోది.

"ఇంకోసారి చూద్దామా?" అన్నాడు క్లైవ్, చెయ్యి జేబు మీద వేసి.

"ఆగు."

ఈనక్ ఊపిరి వదిలాడు. గోడ కడుతున్నప్పుడు వరస వంకరపోతే రాయిని తిట్టడం అతనికి అలవాటు లేదు. రాయి కింద ఏముందో చూసేవాడు. ఉక్కు స్కేలు తీసి పట్టాల మీద పొడుగునా నిలబెట్టాడు. చెంప బల్లకి ఆనించి, ఒక కన్ను మూశాడు. ఎడమ పట్టా మీద స్కేలు కింద చీకటి. కుడి పట్టా మీద, సరిగ్గా నాలుక మొదలయ్యే చోట, సన్నగా వెలుతురు.

బల్ల ఒంగిందేమో అనుకున్నాడు. ఒంగిన బల్లలో పల్లం అడ్డదిడ్డంగా ఉంటుంది. ఇది అటూ ఇటూ ఒకే తీరుగా, నున్నగా దిగుతోంది. ఎవరో పనిగట్టుకుని దించిన పల్లం.

తల పైకెత్తాడు. హొరేస్ నమలడం ఆపాడు.

"ఒరే హొరేసూ, ఇక్కడ పల్లం ఉంది."

"ఉంటుంది."

"ఉంటుందేంట్రా?"

"అక్కడ ఉండేది కదా. వాగు నీళ్ళు కట్ట కింద తొలిచేవి. ప్రతి ఏడూ కంకర కుక్కేవాళ్ళం, ప్రతి ఏడూ దిగేది. అందుకే ఇక్కడ పట్టాల అడుగున పరిచిన బెండు గీరి దించా. కుడి వైపే. ఎడమ వైపు ఎప్పుడూ గట్టిగానే ఉండేది."

"మరి చెప్పవేం? పొద్దుట్నించీ నేనిక్కడ చస్తున్నానా లేదా?"

"నన్నెవరడిగారు? పాయింటు, పాయింటు అంటున్నారు. పాయింటు బాగానే ఉంది. పల్లం నేలలో కదా ఉంది. నేల సంగతి ఒక్కడైనా అడిగాడా?"

చేతిలో స్కేలు లేకపోతే ఈనక్ ఏం చేసేవాడో. ఆ తినే రొట్టెని అట్నుంచి అటే గొంతులోకి కుక్కాలనిపించింది.

"ఇదెక్కడి గోలయ్యా!" అన్నాడు క్లైవ్. "అసలు లైన్లో రైళ్ళు పడేవి కావుగా!"

"ఎందుకు పడతాయి? మెల్లగా పోయేవి. బోర్డు ఉండేది."

"ఏ బోర్డు?"

"ఇక్కడా పెట్టాగా." హొరేస్ లేచొచ్చి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, అగ్గిపుల్లతో కట్ట పక్కనున్న ముళ్ళపొదని పక్కకి తోశాడు. లోపల గోరంత పసుపు బోర్డు. దాని మీద పది అని అంకె. గంటకి పది మైళ్ళు మించకూడదని.

ఈనక్ వంగి ఆ అంకె రెండుసార్లు చదివాడు.

"దాని మీద పొద ఎందుకు పెంచావురా, పాపిష్టివాడా?" అన్నాడు ఈనక్.

"అక్కడా అలాగే అల్లుకునేది. కొత్త డ్రైవర్లు మమ్మల్ని ఒకటే తిట్టేవాళ్ళు."

ఈనక్‌కి అప్పుడు గుర్తొచ్చింది. చిన్నప్పుడు ఆ రైల్లో సంతకి పోయే రోజు, వాగు దాటగానే అమ్మ పైఅరలోంచి గుడ్ల బుట్ట తీసి ఒళ్ళో పెట్టుకునేది. పెట్టె ఒక్క ఊపు ఊగేది. తర్వాత బుట్ట మళ్ళీ పైకి వెళ్ళేది. ఎందుకని అతను ఎప్పుడూ అడగలేదు.

బెండు ముక్క ఒకటి కింద దూర్చితే పల్లం పోతుంది. క్లైవ్ ఎంత వేగంగా నడిపినా రైలు పడదు. తన పాయింటుకి ఏ మాటా రాదు. బెండు ముక్కల పెట్టె దగ్గర్లోనే ఉంది. ఈనక్ దానికేసి చూశాడు. హొరేస్ అతనికేసి చూస్తున్నాడు.

ఈనక్ స్కేలు జేబులో పెట్టుకున్నాడు. చిన్న కత్తెరతో పొద కొమ్మలు నాలుగు కత్తిరించాడు. బోర్డు బయటపడింది.

"అదేంటి, అంతేనా?" అన్నాడు క్లైవ్.

"అసలు లైన్లాగే నడవాలని తీర్మానం పెట్టింది నువ్వే కదా" అంది బ్రెండా. ఎప్పుడొచ్చిందో గానీ అతని వెనకే నిలబడి ఉంది. "నా బస్సులోనైతే బోర్డు కనపడితే కాలు బ్రేకు మీదికి పోయేది. నీ బొటనవేలికి ఏమైంది?"

"ఆ తీర్మానం... రంగుల గురించి."

"రంగుల గురించేం కాదు. రాసుకున్నది నేను. నడుపు."

క్లైవ్ మీట తిప్పాడు. ఇంజను స్టేషను వదిలింది. బోర్డు దగ్గరికి వచ్చేసరికి వేగం తగ్గి నడకలో పడింది. పాయింటు మీద కుడికి ఒరిగింది. ఈనక్ గుండె దానితోపాటే ఒరిగింది. ఇంజను నిలదొక్కుకుని వంపు తిరిగి వెళ్ళిపోయింది. పెట్టెలు ఒకదాని వెనక ఒకటి ఊగి, దాటాయి.

క్లైవ్ జేబులోంచి పొడుచుకొచ్చిన అట్టపెట్టె మూలని లోపలికి నొక్కి, పైన బొత్తాం పెట్టుకున్నాడు.

బ్రెండా తలుపులు తీసింది. జనం లోపలికొచ్చారు. బల్ల చుట్టూ మూగారు. మొదటి రైలు పాయింటు దగ్గరికి వచ్చింది, ఒరిగింది. అంతే, ఈనక్ చెయ్యి తనంతట తానే ముందుకెళ్ళింది. వంకర వేళ్ళు ఇంజను వీపుకి తగిలాయి. రైలు పడలేదు. పడేదీ కాదు.

"చెయ్యి!" అని అరిచాడు క్లైవ్, పొద్దుట్నించీ దాచుకున్న ఆనందమంతా గొంతులో పెట్టి. "చెయ్యి పెట్టాడు! అందరూ చూశారుగా!"

జనం ముందు రైలుని చేత్తో ముట్టుకున్నవాడు ఆ రోజు టీ కప్పులన్నీ కడగాలి. క్లబ్బులో పాత ఆనవాయితీ. అందరూ చూశారు. హొరేస్ ఖాళీ కప్పు తెచ్చి నవ్వకుండా ఈనక్ చేతికిచ్చాడు.

ఈనక్ గొణుక్కుంటూ వెనక గదిలోకి నడిచాడు. కుళాయి విప్పాడు. మొదటి కప్పు కడుగుతుంటే గోడ అవతల రైలు వస్తున్న చప్పుడు వినపడింది. కుళాయి కట్టేశాడు. చక్రాలు నెమ్మదించాయి. ఒక్క టిక్కు, ఒరగడం. మళ్ళీ మామూలు చప్పుడు.

కుళాయి విప్పి రెండో కప్పు అందుకున్నాడు.