నున్నటి గొట్టాలు

గౌరీశంకరంగారికి శుభ్రత పిచ్చి. బాపట్ల కాలేజీ లాబ్‌లో ఏ గాజుసామాను మూడుసార్లు కడిగినా నాలుగోసారి కడగమంటారు. ఆయన దగ్గర పిహెచ్‌డి చేయడమంటే సగం కెమిస్ట్రీ, సగం అంట్లు తోమడం. అందుకోసం నేను రోజూ తెనాలి నుంచి ప్యాసింజర్లో వచ్చేదాన్ని.

అది 1997 వేసవి. జూన్ లోపు ఫలితం చూపించకపోతే నా ఫెలోషిప్ ఆగిపోతుంది, దాంతో పాటు చదువూ ఆగిపోతుంది. దాల్చినచెక్క వాసన వేసే ఒక ద్రవంతో హైడ్రోజన్‌ను కలపాలి. వాటి మధ్య పెళ్లిళ్ల పేరయ్య, అంటే ఉత్ప్రేరకం, పల్లాడియం అనే లోహం. కానీ దాని రేణువులు కాసేపటికే ఒకచోట చేరి ముద్దకట్టేవి, పని ఆగిపోయేది.

బెంగుళూరులో చదువుతున్న స్నేహితురాలు హైమావతి చిటికెడు కార్బన్ నానోట్యూబులు పంపింది. చూడ్డానికి ఉత్త మసి. నిజానికి కంటికి ఆననంత సన్నటి గొట్టాలు. వాటి మీద పల్లాడియాన్ని విడివిడిగా కూర్చోబెడితే ముద్దకట్టదని నా ఆశ. సగం పొడి తీసి, సార్ చెప్పినట్టే కడిగి కడిగి వాడాను. పల్లాడియం ఒక్క రేణువూ అంటుకోలేదు, అంతా జారి అడుగున పేరుకుంది. నాకు ఏడుపొచ్చింది.

"మిగిలిన సగాన్ని నైట్రిక్ యాసిడ్‌లో మరిగిస్తానండి."

"మంచి సరుకు పాడుచేస్తావా ఏంటి?"

"నునుపు మీద ఏం నిలుస్తుందండి సార్? గోడకి గాట్లు పెట్టందే సిమెంటు పట్టదు కదండీ."

ఆయన ఒక ఫ్లాస్కు నా ముందు పెట్టి కడగమన్నారు. అదే అంగీకారం అనుకుని స్టవ్ వెలిగించాను.

ఈసారి పల్లాడియం జారలేదు. హైడ్రోజన్ ఖర్చయ్యేకొద్దీ, దాన్ని నింపిన గీతల గాజుగొట్టంలో నీళ్లు పైకెక్కాయి.

"సార్, పీల్చుకుంటోందండి!"

"ఒకసారి జరిగితే అదృష్టం అంటారు. మళ్లీ చెయ్యి."

"పొడి అయిపోయిందండి."

అన్నాక నాకే సిగ్గేసింది. ఉత్ప్రేరకం ఖర్చయ్యేది కాదు కదా! వడకడితే పొడి మొత్తం కాగితం మీదే ఉంటుంది. దాని మీద పల్లాడియం ఉండాలి, అంతే. వడకట్టేటప్పుడు అది ఊడిపోయిందా, నా జూన్ కూడా పోయినట్టే.

వడకట్టి, కొత్త ద్రవంలో వేశాను. ఇద్దరం స్టూళ్ల మీద కూర్చున్నాం. చాలాసేపు నీళ్లు కదల్లేదు. నాకు బయటికి పారిపోవాలనిపించింది.

అప్పుడు నీళ్లు ఒక గీత దాటాయి. తర్వాత ఇంకోటి, మొదటిసారి ఎక్కినంత వేగంగానే. గౌరీశంకరంగారు కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"పాడుచేస్తున్నావన్నాను గానీ సరోజా, పాడైన చోటే పట్టుకుందమ్మా. థీసిస్‌లో అదే రాసెయ్."