నాగసుబ్బారెడ్డి దురద

ఆ పొద్దు ఆకాశం నల్లగా మూసుకుంది. వాన పడలేదు. పడేట్టు బెదిరించింది, అంతే. మా నాగసుబ్బారెడ్డీ అట్లాంటివాడే. జమ్మలమడుగు చుట్టుపక్కల నలుగురిని నరికించాడని పేరు. నరికిన ప్రతిసారీ ఆయన ప్రొద్దుటూరులో సినిమా చూస్తున్నాడు. సాక్ష్యానికి టికెట్టు ముక్కలు దాచిపెట్టుకున్నాడు.

ఎన్నికల ముందు పార్టీ మారాడు. మారిన పార్టీ ఓడిపోయింది. అప్పటినుంచి దురద. మోచేతులు, మెడ ఎర్రగా పొక్కి, గోకితే పొట్టు రాలేది. ఇంటి చుట్టూ మనుషులు బాంబులు పెట్టుకుని కాపలా కాస్తుంటే, ఆయన మంచం మీద కూర్చుని గోక్కునేవాడు. వీధిలో కుక్క మొరిగితే ఇంకాస్త గోక్కునేవాడు.

నేను ఆయన జీపు తోలేవాణ్ణి. ఆ పొద్దు ప్రొద్దుటూరులో చర్మం డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. డాక్టరు చేతులు చూసి, నిద్ర పడుతోందా అని అడిగాడు. లేదన్నాడు రెడ్డి. మనసులోని దిగులు ఒంటి మీదికి ఎక్కిందని, పూతమందుతో తగ్గినా దిగులు పోకపోతే మళ్లీ వస్తుందని చెప్పాడు డాక్టరు.

"అంటే భయమా?"

"మీరు ఆ పేరే పెట్టుకోండి."

నేను గోడవైపు చూశాను.

జీపెక్కాక, ఆ మాట ఎక్కడైనా అంటే నాలుక కోస్తానన్నాడు రెడ్డి. జమ్మలమడుగు చేరేలోపల తన హోదాకు తగిన జబ్బు వెతుక్కున్నాడు. ఎవరో మందు పెట్టారట. గిట్టనివాళ్లు వంటమనిషి చేత అన్నంలో ఏదో పసరు కలిపిస్తారని మా వైపు నమ్మకం. అందులో మగతనానికేం లోటు లేదు. వంటమనిషి మస్తానమ్మ. ఆమె తమ్ముడు కలమల్ల కరెంటు ఫ్యాక్టరీలో ఎదుటి పార్టీ సంఘం మనిషి. ఇంకేం రుజువు కావాలి? ఇంతకు ముందు ఈ నింద పడ్డ జీతగాడు ఎడమచెయ్యి లేకుండా ఊరు విడిచిపోయాడు.

ఇంటికి పోగానే మస్తానమ్మను వాకిట్లోకి పిలిపించాడు. ఆమె సంగటి కెలుకుతూ కెలుకుతూ లేచి వచ్చింది.

"ఏం కలిపినావే?"

"ఉప్పూ కారం. నేనూ ఆ కుండలోదే తింటాండా గదా రెడ్డీ. నా ఒళ్లు చూడు."

చెయ్యి చాపింది. నున్నగా ఉంది. ఎవరూ చూడలేదు. కాపలావాళ్లలో రోజూ ఆమె చేత రెండో ముద్ద అడిగి పెట్టించుకునే లాల్ బాషా మచ్చుకత్తి అందుకున్నాడు.

"డాక్టరు చెప్పింది అది కాదు గదా రెడ్డీ," అన్నాను.

అందరూ నావైపు తిరిగారు.

"ఏం జెప్పినాడప్పా యేసురత్నం?" అన్నాడు లాల్ బాషా.

"రెడ్డి చెప్పమంటే చెప్తా."

రెడ్డి నన్ను చూశాడు, కాపలా వాళ్లను చూశాడు. భయంతో ఒళ్లు పొక్కినవాడి వాకిట్లో వాళ్లు ఎన్నాళ్లుంటారో ఆయనకు తెలుసు. నన్ను నరికించడానికి పట్టే సేపటికన్నా నేను ఆ మాట అనడానికి పట్టే సేపు తక్కువ. పైగా ఆ పొద్దు ఆయన సినిమాలో లేడు.

"పూతమందు ఇచ్చినాడు. తగ్గిపోతాదంట," అన్నాడు చివరికి. "కత్తి ఆడ పెట్టు బాషా. ఆకలైతాంది."

మస్తానమ్మ అందరికీ సంగటి పెట్టి కూర పోసింది. రెడ్డి ముద్ద వైపు చూస్తూ ఉండిపోయాడు. నేను ఒక తుంట తుంచి, కూరలో అద్ది మింగాను. నా గొంతు దిగేదాకా చూసి ఆయనా తుంచాడు. లాల్ బాషా కత్తి తొడ కింద పెట్టుకుని తినసాగాడు. మస్తానమ్మ తనకూ ఒక ముద్ద పెట్టుకుని, ఎన్నడూ లేనిది, రెడ్డికి ఎదురుగా కూర్చుంది. ఎవరూ లెమ్మనలేదు. అందరం తిన్నాం.