తాడు పట్టేవాడు

తాడును మూర మూరా వేళ్ళ మధ్య నుంచి జార్చుకుంటూ పోతున్నాడు గుంజ. ఎక్కడైనా పోగు లేచిందా, ఎక్కడైనా బిరుసెక్కిందా అని వేళ్ళే వెతుకుతున్నాయి. కళ్ళకు ఆ పనితో సంబంధం లేదు. అవి ఎదురుగా మంచు ఇంకా వీడని చెట్ల మీద తిరుగుతున్నాయి. ఏళ్ళ తరబడి ఇలా జార్చగా జార్చగా అతని బొటనవేలూ చూపుడువేలూ అద్దంలా నున్నబడిపోయాయి. హాజరు కోసం ఆఫీసులో యంత్రం మీద వేలు పెడితే అది అతన్ని మనిషిగానే గుర్తించేది కాదు. అందుకని ఆ ఆఫీసు మొత్తంలో అతనొక్కడే ఇప్పటికీ సంతకం పెడతాడు.

"ఏంటి బావా, తాడుకు తల దువ్వుతున్నావా? దాన్నేమైనా పెళ్ళికి తీసుకెళ్తున్నామా?" అన్నాడు ఉడత, నడుముకు పట్టీలు బిగించుకుంటూ.

"వాగింది చాల్లే. ఆ కాలి పట్టీ చూసుకో, వదులుగా ఉంది."

ఉడత అతని బావమరిది, భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. చెట్లెక్కుతాడు కాబట్టి ఉడత. చెట్టు మొదట్లో తాడు పట్టుకుని, దోమ కుట్టినా కదలకుండా నిలబడతాడని బావకు గుంజ అని పేరు పెట్టింది కూడా వాడే. ఆ పేరు ఊరంతా పాకింది. పెళ్ళయిన కొత్తలో గుంజ పని లేక ఇంట్లో కూర్చుని ఉంటే, "అడవి ఆఫీసులో కింద నిలబడటానికి ఒక మనిషి కావాలట బావా. నిలబడటంలో నిన్ను మించినవాడు ఎవడున్నాడు?" అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. గుంజకు ఎత్తంటే హడల్. మేడ మీద బట్టలారేయడానికి కూడా పిట్టగోడ వైపు వెళ్ళడు. అలాంటివాడికి ప్రపంచంలో దొరకదగిన ఉద్యోగం అదొక్కటే, అది దొరికింది.

వాళ్ళ పని చెట్టెలుకను వెతకడం. గుప్పిట్లో ఇమిడిపోయే ఎర్రబొచ్చు జీవి అది. పుట్టేదీ, పిల్లల్ని పెట్టేదీ, చచ్చేదీ ముసలి చెట్ల కొమ్మల మీదే. నేల మీద కాలు పెట్టడం దానికి నామోషీ. సూదుల్లాంటి ఆకులు తింటుంది. తినే ముందు అంచున ఉన్న చేదు పీచును ఓపిగ్గా ఒలిచి, ఆ పోగులతోనే గూట్లో పరుపు వేసుకుంటుంది. కింద నుంచి చూస్తే ఆ గూడు కాకిదో, గాలికి చేరిన చెత్తో చెప్పడం ఎవరి తరమూ కాదు. పైకెక్కి, గూట్లో చెయ్యి పెట్టి, ఒలిచిన పోగులు సీసాలో వేసుకొస్తేనే లెక్క. లెక్కలోకి వస్తే ఆ చెట్టు చుట్టూ పెద్ద వలయం గీస్తారు. ఆ వలయంలోకి రంపం రాకూడదని నిబంధన.

"ఇంట్లో పిండి డబ్బా వెనక ఎలుక ఉందిరా అంటే ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు. అడవిలో ఎలుక కోసం మాత్రం ఆకాశానికి ఎగబాకుతారు," అని గుంజ భార్య నవ్వని రోజు లేదు. నవ్వుతూనే ఇద్దరికీ క్యారేజీలు కట్టేది.

ఊళ్ళోంచి చూస్తే కొండ నున్నగా గీసిన గెడ్డంలా కనిపిస్తుంది. మధ్యమధ్య మంగలి మరిచిపోయినట్టు గుబురుగా మిగిలిన ముదురాకుపచ్చ మచ్చలన్నీ వీళ్ళిద్దరూ మిగిల్చినవే. ఆదివారం పూట మేడ మీద నిలబడి ఉడత తన కూతురికి వాటిని వేలు పెట్టి చూపించేవాడు, సొంత స్థలాలు చూపించినట్టు. గుంజ గోడకు దూరంగా నిలబడి వినేవాడు. ఆ మాటలు వినడం అతనికి ఎంతో ఇష్టం. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు నిబంధన మారుతోంది. చెట్టెలుకను వెతకాల్సిన జీవుల జాబితాలోంచి తీసేస్తున్నారు. చెట్లు కొట్టే ముందు ఎక్కి చూడాల్సిన పని ఇక ఉండదు. ఉడతకు గేటు దగ్గర లారీలు చూసే పని ఇస్తారట. గుంజకు ఏమిస్తారో ఎవరూ అనలేదు. నిన్న అడవి ఆఫీసు అధికారిణి ఇద్దర్నీ పిలిచి, "రేపు సాయంత్రం ఆఫీసు మూసేలోపు మీరు తెచ్చిందాన్ని పాత నిబంధన కింద తీసుకుంటాను. ఆ తర్వాత నా చేతుల్లో ఏమీ లేదు," అంది.

అందుకే ఈ ఎక్కడం. లోయ పక్కన మిగిలింది ఈ ఒక్క ముసలి చెట్ల గుంపే. అందులో ఒక చెట్టు మీద గూడు లాంటిది ఎప్పుడో కింద నుంచి చూసిపెట్టుకున్నారు గానీ, ఎక్కడానికి ఇన్నాళ్ళూ వాన తెరిపివ్వలేదు. ఇవాళ సీసా ఆఫీసుకు చేరితే గుంపంతా నిలుస్తుంది. చేరకపోతే రేపు పొద్దున్నే కోత. కింది బాట మీద రంపం మేస్త్రీ, అతని మనుషులూ అప్పుడే వచ్చి దిగారు, టీ కాచుకుంటున్నారు.

కొండెక్కేటప్పుడు ఉడత రెండు మూడు సార్లు ఆగాడు. ఎడమ భుజం తిప్పుకుంటున్నాడు.

"ఏమైందిరా?"

"పిల్లది రాత్రంతా ఈ చేతి మీదే పడుకుంది. తిమ్మిరెక్కి చచ్చింది."

"పోనీ మానేద్దామా? రేపటి నుంచి అడిగేవాడెవడు?"

"ఎలుక అడుగుతుంది బావా. ఇంటి కాగితాలు ఇప్పించకుండా ఉడతగాడు ఉడాయించాడని నలుగురిలో పరువు తీస్తుంది."

గుంజ నవ్వాడు. వద్దని గట్టిగా చెప్పొచ్చు. చెబితే వినేవాడే. కానీ అతనికీ ఆ గుంపు దక్కాలని ఉంది. కొండ మీద ఇంకొక్క మచ్చ మిగిలితే బాగుండునని ఉంది. అందుకని ఊరుకున్నాడు.

సన్నటి దారాన్ని పైకి విసిరి కొమ్మ మీదుగా తాడును లాక్కున్నారు. తాడు ఒక కొస ఉడత నడుముకు, రెండో కొస చెట్టు మొదట్లో గుంజ బిగించిన ఇనప కడియానికి. పైవాడు ఎక్కే కొద్దీ కిందివాడు తాడు సర్దాలి. అవసరమైతే పైవాణ్ణి కిందివాడే దించగలగాలి. గుంజ చేసే పనంతా అదే. కొమ్మలు అడ్డొచ్చి మనిషి కనబడడు, గాలికి మాట వినబడదు. తాడొక్కటే ఉంటుంది. వాడు కాలు మార్చాడా, కొమ్మ మీద కూర్చున్నాడా, దమ్ము తీసుకుంటున్నాడా, అన్నీ గుంజ అరచేతికి తెలిసిపోతాయి. నిద్రలో కూడా అతని గుప్పిట మూసుకుంటూ తెరుచుకుంటూ ఉంటుందని, దుప్పటి అంతా తనవైపు లాగేసుకుంటాడని భార్య సణుగుడు.

ఉడత మెల్లగా ఎక్కాడు. మామూలు కంటే మెల్లగా. మధ్యలో ఒకచోట చాలాసేపు ఆగాడు. తర్వాత తాడు మళ్ళీ కదిలింది. చివరికి పై నుంచి ఒక పొడవాటి లాగు. దొరికిందని గుర్తు. వెంటనే కేక కూడా వినబడింది, అదృష్టవశాత్తూ గాలి ఆగింది.

"ఉంది బావా! పిల్లలు కూడా ఉన్నాయి!"

"ఎన్ని?"

"కదలకుండా ఉంటే కదా లెక్కపెట్టడానికి!"

గుంజ మొహం విప్పారింది. కింద ఒక్కడే నిలబడి, ఎవరూ చూడరు కాబట్టి, పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. పోగులు తీసుకున్నాడేమో, పై నుంచి రెండు మూడు పీచులు తిరుగుతూ రాలాయి. ఆ తర్వాత తాడు మీదికి బరువు వచ్చింది, ఒక్కసారిగా, మొత్తంగా.

దించమనే గుర్తు కోసం చూశాడు గుంజ. రాలేదు.

"ఒరేయ్!"

కొమ్మ మీద కూర్చున్నవాడి బరువు వేరు, తాడు మీద వేలాడేవాడి బరువు వేరు. ఇది వేలాడే బరువు. వీడికి ఇదొక వెధవ అలవాటు. ఎన్నిసార్లు చేతులు వేలాడేసి, తల వాల్చేసి, గుంజను హడలగొట్టి, దగ్గరికి రాగానే "భౌ" అన్నాడో లెక్కలేదు. ఒకసారి అక్క ఎదురుగానే ఆ వేషం వేసి చెంపదెబ్బ తిన్నాడు కూడా.

"చాల్లేరా నీ వేషాలు. ఆఫీసు టైమైపోతోంది," అని అరిచాడు.

కడియం మీద తాడు వదులు చేసి దించడం మొదలుపెట్టాడు. మూర, ఇంకో మూర. మామూలుగా వాడు కాళ్ళతో మానును తన్నుకుంటూ దిగుతాడు, తాడు ఊగుతూ ఉంటుంది. ఇవాళ తిన్నగా వస్తోంది. గుంజ అరచేతులు అప్పుడే చల్లబడిపోయాయి. వాటికి విషయం తెలిసిపోయింది. అతనికే ఇంకా తెలియలేదు. ముందు బూట్లు కనిపించాయి, తర్వాత మోకాళ్ళు. వాడిని తిడుతూనే ఉన్నాడు. గాడిదా అన్నాడు, మీ అక్కతో చెబుతానన్నాడు, ఇకనుంచి నువ్వే నిలబడు నేనే ఎక్కుతానన్నాడు. తల గుండె మీదికి వాలి ఉంది. భుజం ఎత్తుకు వచ్చాక ఒక చేత్తో తాడు ఆపి, రెండో చేత్తో వాడి గెడ్డం పట్టుకుని పైకెత్తాడు.

కళ్ళు సగం తెరుచుకుని ఉన్నాయి. 'భౌ' అనలేదు.

తర్వాత ఎలా అరిచాడో, ఏమని అరిచాడో అతనికి తెలియదు. రంపం మేస్త్రీ, మనుషులూ టీ గ్లాసులు పారేసి పైకి పరిగెత్తుకొచ్చారు. వాళ్ళు వచ్చేసరికి గుంజ ఇంకా నిలబడే ఉన్నాడట. తాడు వదిలేస్తే వాడు పడిపోతాడని వదలడం లేదట. మేస్త్రీ అతని వేళ్ళు ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది.

"వదులన్నా. మేం పట్టుకున్నాం. వదులు."

దుంగలు మోసే భుజాలు ఉడతను కిందికి మోసుకొచ్చాయి. మేస్త్రీ జీపు తోలాడు. ఆస్పత్రిలో డాక్టరు ఎక్కువసేపు చూడలేదు. గుండె ఆగిపోయిందనీ, పైనే ఆగిపోయిందనీ చెప్పాడు. నర్సు ఉడత నడుము పట్టీ, చిల్లర, ఒక చిన్న గాజు సీసా తెచ్చి గుంజ చేతిలో పెట్టింది. గుంజ సీసా వైపు చూశాడు. గోడ మీది గడియారం వైపు చూశాడు. ఆఫీసు ఇంకా మూయలేదు.

"పదన్నా, ఇంటికి పోదాం. వదినకు నేను చెబుతాలే, నువ్వు పక్కనుంటే చాలు," అన్నాడు మేస్త్రీ.

"ఒక్క పనుంది. అది చూసుకుని పోదాం."

మేస్త్రీకి ఏం పనో అర్థమైంది. రేపు పొద్దున తన రంపాలు ఎక్కడ మొదలుపెట్టాలో కూడా ఆ పనితోనే తేలుతుంది. జీపు ఆఫీసు వైపు తిప్పాడు.

అధికారిణి బల్ల ముందు కూర్చుని ఉంది. గుంజ లోపలికి వచ్చి సీసా బల్ల మీద పెట్టాడు. ఆమె దాన్ని చూసి, అతని మొహం చూడకుండానే కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది.

"దొరికిందన్నమాట. అయ్యో! ఎలా చెప్పను... ఉత్తర్వు ఇవాళ పొద్దున చేరిందండి. రేపటి నుంచి కాదట. పోయిన నెల మొదటి తారీఖు నుంచే అమలట."

గుంజకు అర్థం కాలేదు. "అంటే?"

"అంటే పోయిన నెల నుంచి మీరు ఎక్కినవేవీ లెక్కలోకి రావు. వద్దని చెప్పడానికి మనిషిని పంపాను. మీరు అప్పటికే కొండెక్కేశారట." ఆమె గొంతులో నిజంగానే బాధ ఉంది. ఆ బాధను కాస్త తేలిక చేద్దామని నవ్వబోయింది. "ఏడీ ఉడత? నా మీద కోపమొచ్చి ఇంకా చెట్టు దిగలేదా?"

పోయిన నెల. పోయిన నెల మొదటి తారీఖు నుంచే ఆ చెట్టు ఎక్కాల్సిన అవసరం ఎవరికీ లేదు. నిన్న తెలియదు, పొద్దున తాడు చూసుకునేటప్పుడు తెలియదు, పైనుంచి కేక వినబడి నవ్వుకున్నప్పుడు తెలియదు. ఎక్కడో ఎవరో ఒక కాగితం మీద వెనకటి తారీఖు వేశారు. గుంజ గొంతు మాత్రం మామూలుగానే వచ్చింది.

"దిగాడు మేడమ్. నేనే దించాను."

"మరి లోపలికి రమ్మనండి."

"ఆస్పత్రిలో ఉన్నాడు. పోయాడు."

ఆమె లేచి నిలబడింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. పక్క గదిలో ఎవరో నవ్వుతూ ఫోన్లో మాట్లాడుతున్నారు. గుంజ కాసేపు అక్కడే నిలబడ్డాడు. నిలబడటం అతనికి చేతనైన పని. కానీ పట్టుకోవడానికి చేతిలో ఏమీ లేకపోవడంతో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"గూట్లో పిల్లలు కూడా ఉన్నాయన్నాడండి," అన్నాడు. "ఎన్నో చెప్పలేదు."

"కూర్చోండి. దయచేసి కూర్చోండి. నీళ్ళు..."

"మా ఆవిడకు చెప్పాలి మేడమ్. ఇంకా చెప్పలేదు. వస్తాను."

బయట మేస్త్రీ జీపు తలుపు తెరిచి పట్టుకున్నాడు. గుంజ ఎక్కాక తలుపు వేసి, అటు తిరిగి వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నాడు. జీపు కదిలిన చప్పుడు వినబడేదాకా అధికారిణి నిలబడే ఉంది.

బల్ల మీద, ఆ ఉత్తర్వు పక్కన, గాజు సీసాలో ఆ పోగులు ఇంకా పచ్చిగానే ఉన్నాయి, వాటి తడికి లోపలి గాజు మసకబారింది.