కూర్చోనన్న సుధేష్ణ

మాస్కు గడ్డం కిందికి లాక్కుని, ఆయాసపడుతూ, కాలనీ చుట్టూ ఆఖరి చుట్టు తిరుగుతోంది సుధేష్ణ. పైనుంచి వాన. వానకు జడిస్తే ఐర్లండులో నడిచినట్టే! తొడలు ఒరుసుకుని మండుతున్నాయి. ఎడమ మోకాలు అడుగడుగునా కటుక్కుమంటోంది.

"అరిచి చావు. నేను మాత్రం ఆగను" అంది మోకాలితో.

లాక్‌డౌన్ కదా, పనికి తప్ప ఇంటినుంచి అయిదు కిలోమీటర్లు దాటితే గార్డా పోలీసులు ఆపుతారు. ఆ లోపల ఎంత తిరిగినా అడిగే నాథుడు లేడు.

ఇంటికొచ్చి పెసరట్టు తింటూ షుగరు మాత్ర వేసుకుంది. వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్ కూడా పొట్టమీద పొడుచుకుంది. మొదట్లో 'నడుస్తున్నానుగా' అని మాత్రలు ఎగ్గొట్టింది. షుగరు నెత్తికెక్కితే జీపీ డాక్టరు చడామడా చీవాట్లు పెట్టాడు. ఆ తరవాత మాత్రలున్నాయన్న ధైర్యంతో నడక మానేస్తే ఒళ్ళు ఊరింది. ఒంటిచేత్తో చప్పట్లు మోగవని అప్పటికిగాని బుద్ధి రాలేదు.

వంటింటి బల్లనే ఆఫీసు చేసుకున్న భర్త వెంకట రమణ ల్యాప్‌టాప్ లోంచి తలెత్తాడు.

"ఇవాళ మీ ఫ్యాక్టరీ నర్సు ఇంటికి పొమ్మంటే నోరుమూసుకుని వచ్చెయ్. జీతమిచ్చి మరీ కూర్చోబెడతామంటున్నారు. తంతే బూరెల బుట్టలో పడ్డావే!"

"ఇన్నాళ్ళూ బూరెల బుట్టలోనే ఉన్నానండీ. అందుకే ఈ రోగం" అని కారు తాళాలు తీసుకుంది.

కూర్చోవడమంటే ఆమెకు కరోనా కంటే ఎక్కువ భయం. తెనాలిలో అమ్మకు షుగరని తేలగానే ఇంటిల్లిపాదీ ప్రేమగా 'నువ్వు కూర్చోమ్మా' అన్నారు. కంచం కుర్చీ దగ్గరికే వచ్చింది, మంచినీళ్ళూ వచ్చాయి. ఆవిడ ఇక లేవలేదు. ముందు పాదం తీసేశారు, ఆనక మనిషే పోయింది. పాపం, ఎవరి తప్పని అంటాం? అందరిదీ ప్రేమే.

రింగాస్కిడీలోని మందుల ఫ్యాక్టరీలో సుధేష్ణ చేసేదీ కూర్చునే పనే. గట్టి వెలుతురు ముందు మందు సీసాలను ఒక్కొక్కటే తిప్పి, లోపల నలుసుందేమో చూడాలి. పదకొండేళ్ళుగా అదే గది, అదే కిటికీ. షుగరూ స్థూలకాయమూ ఉన్నవాళ్ళకి కరోనా ప్రమాదమని, అలాంటివాళ్ళను ఇళ్ళకు పంపుతున్నారు. ఆమె సంగతి ఇవాళ తేలుతుంది.

మధ్యాహ్నం నర్సు మేవ్ పిలిచింది.

"రక్తపరీక్ష బాగుంది సుధేష్ణా. మూడు నెలల సగటు షుగరు బాగా దిగింది, బరువూ తగ్గింది. అయినా ఆ గదిలో పక్కపక్కనే మనుషులు. ఇంట్లో ఉంటే నువ్వు గ్రాండ్‌గా, క్షేమంగా ఉంటావు."

"ఉండను. ఇంట్లో కూర్చుని మా అమ్మ క్షేమంగా ఉందా?" అంది కోపంగా. "గోడౌనులో మనుషులు దూరం దూరంగా ఉంటారు. రోజంతా నడకే. నన్నక్కడ వేయండి."

"అక్కడ పని కష్టం. నీ మోకాలు..."

"నా మోకాలికి నేను చెప్పుకుంటాను. మందులు మానను, నడక మానను. ఇంట్లో మాత్రం కూర్చోను."

మేవ్ నవ్వాపుకుని ఫోనందుకుంది. అటువైపు మేనేజరుతో చాలాసేపు వాదించింది.

"సోమవారం నుంచి గోడౌను. కానీ కళ్ళు తిరిగితే వెంటనే కూర్చోవాలి. మాటివ్వు."

"అప్పుడు కూర్చుంటా. తేరుకోగానే లేస్తా."

గదిలోకి వెళ్ళి గీతలు పడ్డ కళ్ళజోడూ నీళ్ళ సీసా తీసుకుంది. ఎవరికీ పెద్దగా చెప్పలేదు. పక్క కుర్చీలో ఉండే హైదరాబాదు పిల్ల ఆయేషా మాత్రం పని ఆపేసింది.

"నిజంగనే పోతున్నవా అక్కా? మరి గీ కుర్చీ?"

"దానికేం, పడుంటుందిలే."

ఆయేషా కళ్ళు తుడుచుకుంది. సుధేష్ణకూ ఏడుపొచ్చింది గాని, మాస్కు సర్దుకుని, కుంటుతూనే, విసవిసా నడిచి వెళ్ళిపోయింది. తలుపు దానంతటదే మూసుకుంది.

కిటికీ పక్కన ఆ ఖాళీ కుర్చీ మెత్తమీద, పదకొండేళ్ళ బరువుకు పడ్డ గుంట ఇంకా వెచ్చగానే ఉంది.