మొదటి పేజీలోనే ఉంది

మా తమ్ముడు చనిపోవడానికి తొమ్మిది రోజుల ముందు నన్నొక ప్రశ్న అడిగాడు. అడిగింది వాడని నాకు తెలియదు. జవాబు చెప్పలేదు సరికదా, వాణ్ణి బయటికి పంపేశాను. ఆ తొమ్మిది రోజులూ వాడి మనసులో ఏముందో పూర్తిగా తెలుసుకునే దారి ఇప్పుడు లేదు. జరిగింది జరిగినట్టు చెప్పగలను, అంతే.

నేను హైస్కూల్లో పాఠాలు చెబుతాను. లైబ్రరీ బాధ్యత కూడా నాదే. మా నాన్న పుస్తకాలు బైండింగ్ చేసేవాడు. వీధి వైపు ఒకటే గది. గది మధ్యలో ఇనుప ప్రెస్సు. పైనున్న చక్రం తిప్పితే బరువైన పలక కిందికి దిగి, జిగురు పెట్టిన పుస్తకాన్ని కదలకుండా పట్టుకునేది. బడి నుంచి వచ్చాక నేనూ తమ్ముడూ ఆ గదిలోనే కూర్చునేవాళ్ళం. నేను ప్రతిదీ అడిగేదాన్ని. ఎన్ని రంధ్రాలు పెట్టాలి, ఈ దారమే ఎందుకు, జిగురు చల్లారేదాకా ఎందుకు ఆగాలి. తమ్ముడు ఒక్కటీ అడిగేవాడు కాదు. సూది తీసుకుని పొడిచేవాడు, కాగితం చినిగేది, ఇంకో కాగితం తీసుకునేవాడు. వాణ్ణి ఇంట్లో అందరం మొండి అనే పిలిచేవాళ్ళం. నాన్నకు మాత్రం కోపం వచ్చేది కాదు. "అక్క అడిగి నేర్చుకుంటుంది, వీడు చెడగొట్టి నేర్చుకుంటాడు. ఇద్దరికీ వస్తుందిలే" అనేవాడు.

ఇద్దరికీ వచ్చింది. వాడికే ఎక్కువ వచ్చింది.

నాన్న పోయిన ఏడాదికి అద్దె గది ఖాళీ చేయమన్నారు. తమ్ముడు అప్పటికే గొట్టాలు, కుళాయిలు అమ్మే దుకాణంలో పనిచేస్తున్నాడు. ఒక శనివారం మధ్యాహ్నం నేను బడి నుంచి నేరుగా అక్కడికి వెళ్ళేసరికి గది ఊడ్చి ఉంది. ప్రెస్సు ఉండే చోట నేలలో నాలుగు మేకుల రంధ్రాలు. పాత ఇనుము కొనేవాడు బండి తెచ్చి పట్టుకుపోయాడన్నాడు తమ్ముడు. మోయలేం, పెట్టుకోవడానికి చోటు లేదు, ఏం చేయమంటావన్నాడు. నాన్న నమూనాల పుస్తకం ఏదని అడిగాను. ఖాతాదారులకు చూపించడానికి నాన్న తన చేత్తో కుట్టుకున్న పుస్తకం అది. రకరకాల గుడ్డలు, కాగితాలు, కుట్లు ఒక్కో పేజీలో ఒక్కొక్కటి. వాడు తల దించుకున్నాడు. అది కూడా చిత్తుకాగితాల్లో పోయిందని నాకు అర్థమైంది.

"ఒక్క మాట అడగాలనిపించలేదా నీకు?" అన్నాను.

వాడు నేలలోని రంధ్రాల వైపే చూస్తున్నాడు.

"ఇంక జన్మలో నన్నేదీ అడక్కు."

ఆ మాట నేనే అన్నాను. నాలుగేళ్ళు నిలబెట్టుకున్నాను కూడా.

ఆ మరుసటి ఏడు బడి లైబ్రరీలో చినిగిన పుస్తకాలను బాగుచేసే పని పెట్టుకున్నాను. చేసినవాటి ఫొటోలు ఇంటర్నెట్లో పెడుతుంటే, మాకూ చెప్పండని కొందరు చేరారు. చూస్తుండగానే అదొక గుంపయింది, రెండు వేలమంది దాకా పెరిగింది. నేను పంతులమ్మ అన్న పేరుతో ఉండేదాన్ని. ఉత్తరాలు పంచే ఉద్యోగం చేసి రిటైరైన ఒకాయన నాకు సాయంగా ఉండేవారు. అందరూ ఆయన్ని పోస్ట్‌మాన్ గారనేవారు.

కొత్తగా వచ్చేవాళ్ళు అడిగినవే అడుగుతున్నారని, నాన్న దగ్గర నేర్చుకున్నదంతా ఒకచోట రాసి గుంపుకు మొదటి పేజీగా పెట్టాను. ఇరవై ఒక్క అంశాలు. పైన పెద్ద అక్షరాలతో 'అడిగే ముందు ఇది చదవండి' అని రాశాను. రెండు వేసవి సెలవులు పట్టింది నాకు. ఎవరూ చదివేవారు కాదు. 'పుస్తకం విడిపోయింది, ఏం చేయాలి, అర్జెంట్' అని ఒకాయన రాసేవాడు. యాభై ఏళ్ళు బీరువాలో పడుకున్న పుస్తకానికి ఆ పూట ఏం అర్జెంటో నాకు తెలిసేది కాదు. ఇంకొకావిడ పుస్తకం ఫొటో పంపానంటూ తన బొటనవేలి ఫొటో పంపింది. చెప్పులు అతికించే జిగురు పూసి, పేజీలు విడిపోవడం లేదేమిటని అడిగినవాడూ ఉన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందండీ మన పని అని పోస్ట్‌మాన్ గారు నవ్వేవారు. నేను నవ్వేదాన్ని కాదు. తరగతిలో కూడా నాకదే పట్టింపు. ముందు పుస్తకం తెరువు, తర్వాత చెయ్యెత్తు.

వాళ్ళలో ఒకడు 'కొత్తవాణ్ణి' అన్న పేరుతో వచ్చాడు. మొదటి ప్రశ్న జిగురు ఎంత పల్చగా ఉండాలని. అంశం ఒకటి చూడండి అన్నాను. పదిహేను రోజులాగి, కాగితం పీచు ఏ దిక్కుగా ఉందో ఎలా తెలుస్తుందన్నాడు. అంశం రెండు. అలా నెలకో, రెండు నెలలకో ఒకటి అడిగేవాడు. మర్యాదగా అడిగేవాడు, నేను చురక వేస్తే ధన్యవాదాలు చెప్పేవాడు. అందుకే మూడుసార్లు హెచ్చరించి పంపేసే నియమం ఉన్నా ఉపేక్షించాను. ఒకసారి విసిగిపోయి, మీరు ఒక్క పేజీ చదవలేరా అని రాశాను.

"అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా మేడమ్" అని జవాబొచ్చింది.

"వండి ముందు పెట్టిన గిన్నె మూత తీయనివాడికి ఏ అమ్మా ఏమీ చేయలేదు" అని రాశాను. ఆ మాటను చాలామంది మెచ్చుకున్నారు.

ఇంకోసారి, "చెడగొట్టి నేర్చుకోవడం నాకు చిన్నప్పటి అలవాటు మేడమ్" అన్నాడు. చెడగొట్టే ముందు చదవండి అన్నాను. అది ఎవరి మాటో నాకు తట్టలేదు. ఆ మాట చదివినప్పుడు నేను బస్సులో ఉన్నానో, కూర తరుగుతున్నానో ఇప్పుడు గుర్తు చేసుకుందామన్నా గుర్తు రావడం లేదు.

చివరి ప్రశ్న ఒక మంగళవారం వచ్చింది. స్టాఫ్ రూములో ముప్పై ఎనిమిది జవాబు పత్రాలు ముందేసుకుని ఉన్నాను. మూడో గంటకూ నాలుగో గంటకూ మధ్య ఫోన్ తీశాను. కొత్తవాణ్ణి పేరు చూడగానే కళ్ళు నేరుగా ఆఖరి వాక్యం మీదికి పోయాయి. 'ప్రెస్సు లేకుండా పుస్తకాన్ని ఎలా బిగించాలి?' పదిహేడో అంశం. "మొదటి పేజీలోనే ఉంది. రెండేళ్ళుగా మీరు దాన్ని తెరవలేదు. ఇక్కడ మీకు చోటు లేదు" అని రాసి, గుంపులోంచి తీసేశాను. గంట కొట్టారు. తరగతికి వెళ్ళిపోయాను.

తర్వాతి వారం గురువారం, తమ్ముడు దుకాణంలో స్టూలు మీద కూర్చుని కూర్చున్నట్టే ఒరిగిపోయాడని కబురొచ్చింది. గుండె అన్నారు. నాలుగేళ్ళ తర్వాత వాడి ఇంటి గడప తొక్కింది ఆ రోజే. వాడి చూపుడు వేలి కొస మీద సూది గుచ్చుకున్న చుక్కలు కనిపించాయి. గొట్టాల దుకాణంలో సూదితో పనేమిటని ఒక్క క్షణం అనుకున్నాను. చుట్టూ జనం. ఆ ఆలోచన అక్కడే వదిలేశాను.

రెండు వారాల తర్వాత, ఆదివారం పొద్దున, మరదలు మా ఇంటికి వచ్చింది. చేతిలో గుడ్డ సంచి. కుర్చీ చూపిస్తే కూర్చోకుండా, సంచిలోంచి పాత తువ్వాలులో చుట్టిన పుస్తకం తీసి నా ఒళ్ళో పెట్టింది. విప్పాను. నాన్న నమూనాల పుస్తకం. కుట్టంతా కొత్తది. దారం ముడులు నాన్న వేసినట్టే సన్నగా, పుస్తకం వెన్ను లోపలికి పడేట్టు వేసి ఉన్నాయి. అట్ట మాత్రం ఎండుటాకులా పైకి వంగిపోయి ఉంది.

ఆ రోజు ఇనుము బండి మీది నుంచి దాన్ని తీసి దాచాడట. నేను అడిగినప్పుడు, చేతిలో పెట్టడానికి వీల్లేనంతగా ముక్కలై ఉందట. బాగుచేసి ఇద్దామనుకున్నాడట.

"మీకు తెలిసే ఉంటుందనుకున్నాను వదినా" అంది మరదలు. "ఆ కొత్తవాణ్ణి ఈయనే."

తను చెప్పుకుపోయింది. నా మొదటి పేజీ చూసిన రోజునే ఇది అక్క రాసిందన్నాడట, అన్నీ నాన్న మాటలేనన్నాడట. నా జవాబు రాగానే ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చి చదివి వినిపించేవాడట.

"'చూశావా, అక్క తిట్టింది' అని ఒకటే నవ్వు. మీరు తిట్టిన రోజు రెండు ముద్దలు ఎక్కువ తినేవారు."

"నువ్వైనా నాకొక మాట చెప్పాల్సింది."

"చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. పుస్తకం పూర్తయ్యాక తనే తెచ్చి మీ చేతిలో పెట్టి, అప్పుడు పేరు చెబుతానన్నారు. అడగొద్దంది కదా, అందుకే వేరే పేరుతో అడుగుతున్నా అనేవారు."

సంచిలో ఇంకొక కాగితం ఉంది. నా మొదటి పేజీ, ఎక్కడో ప్రింటు తీయించుకున్నది, నాలుగు మడతలు పెట్టి పెట్టి మడతల దగ్గర అరిగిపోయింది. ఒక్కో అంశం పక్కన పెన్సిల్‌తో టిక్కు, దాని పక్కన తేదీ. జిగురు, పీచు, రంధ్రాలు, దారం. రెండేళ్ళుగా తెరవలేదని నేనన్న పేజీని వాడు వరుసగా, ఒక్కటీ వదలకుండా, ప్రశ్నలుగా మార్చి నన్ను అడిగాడు. ఎక్కడా నాకు అనుమానం రాకుండా మధ్యలో వారాలు విడిచాడు. ఆ పేజీని అంత శ్రద్ధగా చదివినవాళ్ళు నా గుంపులో ఇంకొకరు లేరు. పదిహేడు దాకా టిక్కులున్నాయి.

వాడి ఫోన్‌లో ఆఖరి ప్రశ్న తీసి చూపించమన్నాను. ఈసారి మొదటినుంచి చదివాను.

'మేడమ్, మా ఇంట్లో మంచి ప్రెస్సు ఉండేది. ఎవర్నీ అడక్కుండా తీసేశాను. అడగాల్సింది. ఇప్పుడొక పాత పుస్తకం కుట్టి, అట్ట అతికించాను. జిగురు ఇంకా తడిగా ఉంది. ప్రెస్సు లేకుండా పుస్తకాన్ని ఎలా బిగించాలి?'

ఐదు వాక్యాలు నేను చదవనేలేదు. చదివి ఉంటే తెలిసేదా అంటే, తెలిసేదనే అనుకుంటున్నాను.

పదిహేడో అంశంలో నేను రాసింది తేలికైన సంగతే. ప్రెస్సు లేనివాళ్ళు రెండు చదునైన చెక్కల మధ్య పుస్తకాన్ని ఉంచి, కాగితం చుట్టిన ఇటుకలు పైన పెట్టి, నాలుగు రోజులు కదపకూడదు.

"ఇటుకలు ముందే తెచ్చిపెట్టుకున్నారు వదినా" అంది మరదలు. "మంచం కింద ఉన్నాయి, పేపరు చుట్టి. పెట్టెయ్యొచ్చుగా అన్నాను. అక్కను చెప్పనీ అన్నారు."

"మరి నేను తీసేశాక?"

"ఫోన్ పాడైందనుకున్నారు. నాలుగైదుసార్లు ఆపి మళ్ళీ వేశారు. తర్వాత నన్ను చూడమంటే నేనే చూసి, మీరు తీసేశారని చెప్పాను. ఫోన్ పక్కన పెట్టి, సర్లే, కోపం తగ్గాక ఇంకో పేరుతో అడుగుతా అన్నారు." తను కొంగుతో పుస్తకం మీద లేని దుమ్ము తుడిచింది. "మర్నాటికే అట్ట వంగిపోయింది. అయినా ఇటుకలు పెట్టలేదు."

మరదలికి మంచినీళ్ళిచ్చాను. సాయంత్రం దాకా ఉండి వెళ్ళింది. వెళ్ళేటప్పుడు పుస్తకం వదిలి, ఆ కాగితం కూడా మీ దగ్గరే ఉంచుకోండంది.

మర్నాడు బడికి వెళ్ళే ముందు వాళ్ళింటికి వెళ్ళి, మంచం కింది ఇటుకలు తెచ్చుకున్నాను. పుస్తకాన్ని చెక్కల మధ్య ఉంచి పైన పెట్టాను. పదిహేడో అంశంలో చివరి వాక్యం కూడా నేను రాసిందే. 'జిగురు తడిగా ఉండగానే బిగించాలి. ఆరిపోయాక ఎంత బరువు పెట్టినా అట్ట సమంగా రాదు.' అది తెలిసే పెట్టాను.

తర్వాత ఫోన్ తీసి, కొత్తవాణ్ణి పేరును తిరిగి గుంపులో చేర్చి, వాడి ప్రశ్న కింద జవాబు రాశాను. చెక్కలు ఎంత మందం ఉండాలో, ఇటుకలకు కాగితం ఎందుకు చుట్టాలో, ఎన్ని రోజులు ఆగాలో, నాన్న నాకు చెప్పినట్టు, ఒక్కొక్కటీ రాశాను. ఏ అంశం చూడాలో మాత్రం రాయలేదు. ఆఖరి వాక్యం దగ్గర కాసేపు ఆగి, దాన్ని కూడా రాశాను.

కొద్దిసేపటికి పోస్ట్‌మాన్ గారు కింద రాశారు. "ఇదంతా మొదటి పేజీలోనే ఉంది కదండీ మేడమ్. చదవనివాళ్ళకు మీరు ఇంతలా శ్రమపడి చెప్పడమెందుకు?"

ఆయనకు ఏం తెలుసు పాపం. అది నేను నేర్పిన మాటే.

"ఉందండీ" అని రాశాను. ఇంకేదో రాయబోయి, చెరిపేశాను.

కాగితం మడత విప్పి పదిహేడు తర్వాత చూశాను. వాడు అడగాల్సినవి ఇంకా నాలుగు మిగిలాయి.