బ్రిట్ చదివిన ఏడాది

ఏప్రిల్ వచ్చినా అమెరికా ఉత్తరపు అంచునున్న డులూత్‌లో సరస్సు మీద మంచు ఇంకా కరగలేదు. స్కూలు బస్సు నడిపే మార్లిస్ ఉదయపు ట్రిప్పు ముగించుకుని లైబ్రరీకి వెళ్లింది. అక్కడ ఆదాయపు పన్ను కాగితాలు ఉచితంగా నింపిపెట్టే బల్ల దగ్గర ఆర్విడ్ మాస్టారు కూర్చుని ఉన్నాడు. చిన్నప్పుడు ఆమెకు లెక్కలు చెప్పినవాడు. చలికాలమంతా వెచ్చగా ఉండే అరిజోనాలో గడిపి నాలుగు రోజుల కిందటే ఊళ్లోకొచ్చాడు.

"రావమ్మా. అప్పుడు లెక్కల్లో నన్ను ఏడిపించావు, ఇప్పుడు నా చేతే చేయిస్తున్నావు."

"మీరు సరిగ్గా చెప్పుంటే నేనే చేసుకునేదాన్ని కదా మాస్టారూ."

ఆమె నవ్వింది కూడా. తన సంగతేమీ తెలియని మనిషితో మాట్లాడి చాలా నెలలైంది.

ఆయన కాగితాలు విప్పాడు. కూతురు బ్రిట్ పుట్టిన నెల నుంచీ మార్లిస్ కాలేజీ పొదుపు ఖాతాలో డబ్బు వేస్తూ వచ్చింది. పోయిన ఆగస్టులో ఫీజుకని కొంత తీసింది.

"నర్సింగ్ రెండో ఏడన్నమాట. ఫీజంతా ఈ పొదుపుతోనే కట్టినట్టు చూపొద్దు. అందులో నాలుగు వేల డాలర్లు విడిగా చూపిస్తే, దాని మీద రెండున్నర వేలు చదువు క్రెడిట్, అంటే పన్నులో తగ్గింపు, వస్తుంది. ఒకే ఫీజును రెండు చోట్లా వాడుకోకూడదు, అంతే. పొదుపు మీద కాస్త పన్ను పడినా నీకే లాభం. ఇంకో రెండేళ్లు కూడా తీసుకోవచ్చు."

మార్లిస్ తలూపింది. ఇంకో రెండేళ్లు. మిగిలిన కాగితాలు ఆయన వైపు జరిపింది.

ఆయన తరవాతి కాగితం చూసి ముఖం చిట్లించాడు. "ఇదేంటి, డిసెంబరులో ఖాతా అంతా ఊడ్చేశావు? చదువుకు కాకపోతే వచ్చిన లాభం మీద పన్నూ, పైన పది శాతం జరిమానానూ. పిల్ల చదువు సగంలో ఉండగా ఎవరైనా ఇలా చేస్తారా?"

"ఆ ఖాతా వాళ్ల ఉత్తరాలు వచ్చేవి మాస్టారూ. మీ బ్రిట్ భవిష్యత్తు ఇంత పెరిగిందని."

"పెరిగితే మంచిదేగా."

"నవంబరులో పోయింది. హైవే మీద మంచుకి కారు జారి."

మాస్టారు కళ్లద్దాలు తీసేశాడు. "నాకెవరూ చెప్పలేదమ్మా."

"నేనూ చెప్పలేదుగా. ఇంకో రెండేళ్లన్నారు. ఆ కాసేపూ బాగుంది."

ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని, ఆ కాగితం ఇంకోసారి చూసి మెల్లగా చెప్పాడు. బిడ్డ పోయాక తీసిన డబ్బుకు జరిమానా ఉండదు, లాభం మీద పన్ను మాత్రం కట్టాలి. క్రెడిట్ పోయిన ఏడాదికి మాత్రమే వస్తుంది.

"చట్టం లెక్కలో ఆ ఏడాదంతా బ్రిట్ నీ దగ్గరున్నట్టే."

"డిసెంబరు ఆఖరు దాకానా?"

"ఆఖరు దాకా."

"క్రిస్మస్‌కి కూడానా?"

"కూడానమ్మా."

అప్పుడు ఏడ్చింది మార్లిస్. అంత్యక్రియల్లో కూడా అలా ఏడవలేదు. మాస్టారు తన కుర్చీ ఆమె పక్కకు జరుపుకున్నాడు. వరసలో ఉన్నవాళ్లను రేపు రమ్మన్నాడు. చివరి కాగితం మీద ఆమె సంతకం చేసింది.

జూన్‌లో నేల మెత్తబడ్డాక, పన్ను ఆఫీసు నుంచి తిరిగొచ్చిన డబ్బుతో సమాధి రాయి వేయించింది. పేరు కింద ఏం చెక్కమంటారని రాతిపనివాడు అడిగాడు.

"నర్సు అని చెక్కించు," అంది పక్కనున్న అక్క.

"ఇంకా కాలేదుగా అక్కా," అంది మార్లిస్. "చదువుతోంది."